మేనమామనై ఉండి గంప ఎత్తే వేళకు చేరుకోలేకపోయాను: ఈ ఆలస్యపు అలవాటును మానుకోవడం ఎలా?

ప్రశ్న (ఉప్పల్ నివాసి)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. హైదరాబాదులో ఉప్పల్ దగ్గర కాపురం, రాయదుర్గం దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో ఉద్యోగం. నేను అడగబోయే విషయం చాలామందికి చిన్నదిగా కనిపించవచ్చు గాని, గత ఫాల్గుణ మాసం నుంచి నన్ను లోలోపల తినేస్తున్నది ఇదే. నేను ఎక్కడికీ వేళకు చేరుకోలేను. చదువుకునే రోజులలో మొదలైన ఈ అలవాటు ఉద్యోగంలోకి, సంసారంలోకి నాతోపాటే వచ్చింది.

ఫాల్గుణంలో మా అక్క కూతురి పెళ్ళి రాజమహేంద్రవరంలో జరిగింది. గౌరీపూజ చేసుకుని కూర్చున్న పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి తీసుకురావలసినవాడు మేనమామ. అక్కకు సొంత తమ్ముణ్ణి నేనొక్కణ్ణే. సుముహూర్తం ఉదయం 10 గంటల 12 నిమిషాలకు. తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండమని బావగారు ముందురోజు రాత్రే చెప్పారు. మేము దిగిన లాడ్జి నుంచి కల్యాణమండపానికి మూడు కిలోమీటర్లు కూడా లేదు. తెల్లవారుజామున ఐదింటికే లేచాను కాబట్టి ఇది నిద్ర వల్ల జరిగినది కాదు. పంచె మడతలు సరిగ్గా లేవని మళ్ళీ ఇస్త్రీకి పంపాను, ఆఫీసు నుంచి వచ్చిన ఫోను తీశాను, నా కోసం ఆగవద్దని భార్యాపిల్లలను ముందుగా ఆటోలో పంపించాను, తొమ్మిదీ ఇరవై అయ్యాక "పది నిమిషాల దారే కదా" అనుకుని గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాను. బావగారు ఫోను చేస్తే "దారిలో ఉన్నాను" అని చెప్పాను. అప్పటికి నా చెంపల మీద సబ్బు నురగ ఉంది.

నేను మండపం మెట్లెక్కేసరికి జీలకర్ర బెల్లం పెట్టడం కూడా అయిపోయింది. మా బాబాయిగారి అబ్బాయి, వరసకు తానూ మేనమామే కాబట్టి, గంప ఎత్తాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర అక్క నా విస్తరిలో స్వయంగా బూరెలు వడ్డించి, నా ముఖంలోకి చూడకుండా పక్క పంక్తికి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కిందటి నెల పెళ్ళి ఆల్బం వచ్చింది, గంప ఫొటో ఉన్న పుట నేను ఇంతవరకు తిప్పలేదు.

ఇక ఆఫీసు సంగతి. తొమ్మిదిన్నరకు హాజరు వేయాలి, నేను చేరేది పది ప్రాంతంలో. మూడు ఆలస్యాలకు ఒక ఆకస్మిక సెలవు కోత. గత సంవత్సరం నా సెలవులన్నీ ఇలాగే పోయాయి గాని, వాటిలో ఒక్కటి కూడా నేను ఇంట్లో ఉండి వాడుకున్నది కాదు. ఒకప్పుడు బైకు మీద వెళ్ళేవాణ్ణి కాబట్టి తప్పంతా రద్దీ మీదకు నెట్టేవాణ్ణి. 2019 నవంబరులో రాయదుర్గం మెట్రో స్టేషను తెరిచాక ఉప్పల్‌లో ఎక్కితే మారకుండా నేరుగా ఆఫీసు దగ్గర దిగే వీలు కలిగింది, రైలు ఏ రోజైనా ఇంచుమించు ఒకే సమయం తీసుకుంటుంది, అయినా నేను చేరే వేళ మారలేదు. అప్పుడే నాకు నిజంగా భయం వేసింది.

నాలుగు అలారాలు పెట్టి చూశాను. ఆలస్యమైన రోజుకు వంద రూపాయల చొప్పున హుండీలో వేసి చూశాను. పెళ్ళి తరువాత ఏర్పడిన పట్టుదల కూడా పదకొండు రోజులే నిలిచింది. ఆ పట్టుదలను ఏడాది పొడవునా నిలుపుకొనే మార్గం ఏదైనా ఉంటే అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం (విశ్రాంత రైల్వే గార్డు, విజయవాడ)

నాయనా, నేను గూడ్సు గార్డుగా చేరి, ప్యాసింజరు బండ్లు, మెయిలు బండ్లు నడిపి, 31 సంవత్సరాల సర్వీసు తరువాత విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. 2022 జనవరి నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజరు అంటున్నారు గాని, నా నోటికి గార్డన్న మాటే వస్తుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్ళి సంగతి చదివినప్పుడు మనసు కలుక్కుమంది, ఎందుకంటే నా చెల్లెలి కూతురి గంప నేను ఎత్తాను. ఆ బరువు ఇప్పటికీ నా చేతులకు గుర్తుంది.

మీరు పట్టుదల ఎలా నిలుపుకోవాలని అడిగారు. అన్ని సంవత్సరాల సర్వీసులో ఏ ఒక్క రాత్రీ నేను పట్టుదలతో డ్యూటీకి వెళ్ళలేదని చెబితే మీరు నమ్మాలి. పుష్యమాసపు చలిలో అర్ధరాత్రి లేచి గూడ్సు బండి మీద వెళ్ళడానికి ఉత్సాహం ఎవరికి ఉంటుంది? అయినా బండి నా కోసం ఆగకుండా ఉండడానికి కారణం మా పని కట్టుబాటులో ఉంది. మా రోజులలో రాత్రి రెండు గంటలకు బండి ఉంటే పన్నెండు గంటలకు కాల్ బాయ్ వచ్చి క్వార్టరు తలుపు తట్టేవాడు, కాల్ బుక్కులో మా చేత సంతకం పెట్టించుకుని గాని కదిలేవాడు కాదు. ఆ తరువాత లాబీకి, అంటే మా హాజరు గదికి, వెళ్ళి సైన్ ఆన్ చేయాలి, అంటే డ్యూటీలో చేరినట్టు సంతకం పెట్టాలి. ఏ కిలోమీటరు దగ్గర వేగం తగ్గించాలో తెలిపే కాషన్ ఆర్డరు తీసుకుని చదవాలి, గడియారం సరిచూసుకోవాలి, మా సామాన్ల పెట్టె అయిన లైన్ బాక్సు గార్డు ఉండే బ్రేకు వ్యానులోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి, బండి బ్రేకులు సరిగ్గా ఉన్నాయని తెలిపే బ్రేకు పవర్ సర్టిఫికెట్టు చూడాలి, బండి చివర టెయిల్ ల్యాంపు వెలుగుతున్నదో లేదో గమనించాలి. బండి టైము రెండు గంటలని లోకం అనుకుంటుంది, మాకైతే ఆ రెండు గంటలకు పనులన్నీ అయిపోయి పచ్చ దీపం చేతిలో ఉండాలి. నేను కళ్ళముందు పెట్టుకున్నది బండి టైమును కాదు, సైన్ ఆన్ టైమును. అది తప్పితే మిగతావన్నీ తప్పుతాయని మొదటి నెలలోనే నేర్పారు.

మీరు "పది నిమిషాల దారే కదా" అన్నారు చూశారా, దానిని మా భాషలో రన్నింగ్ టైము అంటారు. ఒక స్టేషను దాటి ఇంకో స్టేషను చేరడానికి బండికి పట్టే సమయం రైల్వేవారికి నిమిషాల లెక్కన తెలుసు. అంత తెలిసినా టైం టేబులు వేసేటప్పుడు ఆ అంకెను ఉన్నదున్నట్టు వేయరు. ట్రాకు పనుల కోసం ఇంజనీరింగ్ అలవెన్సు అని కొన్ని నిమిషాలు, దారిలో ఇతర బండ్ల వల్ల పోయే సమయం కోసం ట్రాఫిక్ అలవెన్సు అని మరికొన్ని నిమిషాలు కలుపుతారు. పట్టాల మీద, సిగ్నళ్ళ రక్షణలో నడిచే బండికే అంత జాగ్రత్త తీసుకుంటే, ఆటో దొరకాలి, లిఫ్టు రావాలి, చెప్పులు కనబడాలి అనే మనిషికి మీరు ఒక్క నిమిషం కూడా కలపలేదు.

కాబట్టి ఒక పని చేయండి. రేపు తొమ్మిదిన్నర అని రాసుకుని, అక్కడి నుంచి వెనక్కు లెక్క వేసుకుంటూ రండి. లిఫ్టు, నడక, రైలు, స్టేషను మెట్లు, ఇంటి నుంచి స్టేషను, ఇంట్లో చెప్పులు వేసుకోవడం, ఒక్కొక్కటి విడిగా వేయండి, ఏదీ వదలకండి. ఆ లెక్క చివర వచ్చే టైమే మీ సైన్ ఆన్. ఆ టైము దాటాక ఇస్త్రీ లేదు, గడ్డం లేదు, ఫోను లేదు. అవన్నీ అంతకు ముందే జరగాలి, జరగకపోతే ఆ రోజుకు మాసిన గడ్డంతోనే వెళ్ళాలి. మీరు గడ్డంతో వచ్చినా మీ మేనకోడలు సంతోషంగా గంపలో కూర్చునేది.

సమాధానం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా)

అన్నయ్యగారూ, గార్డు బాబాయిగారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఆయన చెప్పిన కాల్ బాయ్ గురించి నేను ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఏడేళ్ళపాటు మా ఇంట్లో ఆ ఉద్యోగం నేను చేశాను.

మావారు మనసున్న మనిషి, ఎవరికి కష్టం వచ్చినా ముందు నిలబడతారు, కాని ఆ నిలబడే చోటికి అరగంట ఆలస్యంగా చేరుకుంటారు. పెళ్ళయిన కొత్తలో అది నాకు ముద్దుగానే అనిపించింది. తరువాత ప్రతి ఉదయం "ఆరున్నర అయింది, ఏడయింది, ఏడుంబావు అయింది" అని వంటింట్లోంచి కేకలు వేయడం నా పనిలో భాగమైపోయింది. నేను కేక వేయని రోజున ఆయనకు ఆలస్యమైతే "నువ్వు చెప్పలేదేం?" అనేవారు. ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో ఆయనకు తెలియదు. ఆయన కాలాన్ని కూడా నేనే మోస్తున్నానని ఆ రోజు నాకు అర్థమైంది. ఒక ఆషాఢంలో నేను పుట్టింటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, తిరిగి వచ్చాక ఇక టైము చెప్పనని స్పష్టంగా చెప్పి వెళ్ళాను, ఆ మాట మీదే నిలబడ్డాను. మొదటి రెండు నెలలు ఆయన చాలా ఇబ్బంది పడ్డారు. మూడో నెల నుంచి మారడం మొదలైంది.

మీరు మీ ఇంటి ఉదయం గురించి ఏమీ రాయలేదు. అందుకే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు మీ ఇంట్లో పాలు కాచేదెవరు, పిల్లలకు జడ వేసేదెవరు, టిఫిను డబ్బాలు సర్దేదెవరు? మా ఇంట్లో నలుగురిని సిద్ధం చేసి నేను ఎనిమిదింబావు బస్సు అందుకునేదాన్ని, తననొక్కణ్ణి సిద్ధం చేసుకోవలసిన ఆయన బండి దగ్గర తాళం చెవి కోసం వెతుక్కునేవారు. దీనికి కారణం నా గొప్పతనం కాదు. నాకు బస్సు తప్పితే బడిలో అరవై మంది పిల్లలు వరండాలో నిలబడి ఉంటారన్నది నా కళ్ళకు కనబడుతూ ఉండేది. తన కోసం ఎదురుచూసే మనిషి ముఖం ఆయనకు కనబడేది కాదు. మీకు మీ అక్కగారి ముఖం కనబడింది కాబట్టే ఈ ఉత్తరం రాశారు.

అందుచేత రెండు విషయాలు కోరుతున్నాను. మొదటిది, మిమ్మల్ని గుమ్మం దాటించే పని మీ ఆవిడకు అప్పగించకండి, అలారం పెట్టినా గోడ మీద కాగితం అంటించినా అది మీ చేతితోనే జరగాలి. రెండోది, నా దృష్టిలో దీనికన్నా పెద్దది. "దారిలో ఉన్నాను" అన్న అబద్ధాన్ని ఈ రోజు నుంచే మానేయండి. ఆలస్యాన్ని మనుషులు క్షమిస్తారు గాని, ఆ మాట నమ్మి పొయ్యి మీద అన్నం దించకుండా కూర్చున్నవారికి, బస్టాపు దగ్గర ఎండలో నిలబడినవారికి, రెండోసారి నమ్మకం కలగదు. మీరు ఇంట్లోనే ఉంటే "ఇంకా ఇంట్లోనే ఉన్నాను, నలభై నిమిషాలు పడుతుంది, నా కోసం ఆగవద్దు" అని చెప్పండి. ఆ మాట చెప్పడానికి నోరు రాక మావారు ఎంత అవస్థ పడ్డారో నాకు తెలుసు. ఆ అవస్థే ఆయనను కదిలించింది. ఆ ఉదయం మీ బావగారికి మీరు నిజం చెప్పి ఉంటే ఎవరినో ఒకరిని బండి మీద పంపించేవారు, అప్పటికి ముహూర్తానికి ఇంకా నలభై నిమిషాలకు పైగా ఉంది.

సమాధానం (విద్యార్థి, వరంగల్)

ఇంట్లో గడియారాలన్నీ పదిహేను నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుంటే సరిపోతుందని మా హాస్టల్లో అందరూ అంటారు. నేనూ పెట్టుకున్నాను, నాకు కొంత ఉపయోగపడింది. అయినా మనవాళ్ళకు మొదటి నుంచీ కాలం మీద పట్టింపు తక్కువ, సభ ఆరింటికని వేస్తే ఏడింటికి మొదలుపెట్టడం మన దగ్గర మామూలే కాబట్టి, మీరొక్కరే దీనికి ఇంత బాధపడనక్కరలేదని నా అభిప్రాయం.

సమాధానం (మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి)

ముందుగా వరంగల్ తమ్ముడి మాటకు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను. గడియారం ముందుకు తిప్పితే మొదటి వారం పనిచేస్తుంది. ఆ పదిహేను నిమిషాలు అబద్ధమని మనసుకు తెలుసు కాబట్టి, రెండో వారం నుంచి వాటిని తీసివేసి లెక్క కట్టుకుంటుంది. ఇక మన జాతికి కాలం మీద పట్టింపు లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిలో వదిలి, అది నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు, అయినట్టు లెక్కించిన పరంపర మనది. ఆ ఘడియలో అరవయ్యో వంతుకు విఘడియ అని విడిగా పేరు పెట్టుకున్నాం. అది 24 సెకన్లు. 10 గంటల 12 నిమిషాలకని శుభలేఖలో అచ్చువేసి, ఆ నిమిషానికే జీలకర్ర బెల్లం పెట్టించినవారు ఉప్పల్ మిత్రుని సొంత బంధువులే. దాటితే తిరిగి రాదని నమ్మిన సమయాన్ని మనం కాపాడుకుంటాం. అంతే శ్రద్ధ పెట్టవలసిన తొమ్మిదిన్నరకు మనసు ఆ విలువ ఇవ్వదు, ఎందుకంటే పదింటికి వెళ్ళినా తలుపు తెరిచే ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. గార్డుగారు అనుభవంతో చెప్పినదానికి మా శాస్త్రంలో ఒక పేరు ఉంది. 1979లో డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానిని గుర్తించి పేరు పెట్టారు, తెలుగులో ప్రణాళికా భ్రమ అనవచ్చు. ఒక పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేసేటప్పుడు మనిషి ఆ పని అడ్డంకులు లేకుండా సాగిపోయే దృశ్యాన్నే ఊహించుకుంటాడు, అదే పని ఇంతకుముందు ఎన్నిసార్లు ఎంతసేపు పట్టిందో అనుభవం ఉన్నా దానిని ఈ లెక్కలోకి తీసుకోడు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ ప్రచురించిన పరిశోధనలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజులలో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టినవి దాదాపు 56 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన అంకె కూడా 49 రోజుల లోపే ఉంది. అంటే చెడును ఊహించమన్నా మనసు నిజమైనంత చెడును ఊహించలేకపోయింది. ఆ పరిశోధనలోనే మరొక సంగతి బయటపడింది. గతంలో ఇటువంటి పనికి పట్టిన కాలాన్ని గుర్తుచేసుకుని, దానిని ఇప్పటి పనితో స్వయంగా ముడిపెట్టి ఆలోచించినవారి అంచనాలు నిజానికి దగ్గరగా వచ్చాయి.

కాబట్టి వెనక్కు లెక్క వేయమన్న సలహాకు నేను కలిపేది ఒక్కటే. ఊహించిన నిమిషాలతో ఆ లెక్క వేయవద్దు. రెండు వారాలపాటు ఏమీ మార్చుకోకుండా, ఆలస్యమైతే ఆలస్యంగానే వెళుతూ, ప్రతి మెట్టునూ గడియారం చూసి చిన్న పుస్తకంలో రాయండి. మీరు లెక్కల విభాగంలో పనిచేసేవారు, రసీదు లేని ఖర్చును పద్దులో వేయరు కదా, ఇదీ అంతే.

పట్టుదల గురించి కూడా ఒక మాట. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. "వేళకు వెళ్ళాలి" అని సంకల్పించుకోవడం కన్నా "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసి పెట్టుకున్నవారు ఆ పనిని ఎక్కువగా చేయగలుగుతారని ఆయన నిరూపించారు. "కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే బూట్లు వేసుకుంటాను" అన్నంత ఖచ్చితంగా ఆ ముడి ఉండాలి. ఆ క్షణంలో ఆలోచించుకోవడానికి ఏమీ మిగలకూడదు, ఎందుకంటే మీరు ఆలోచించుకున్న ప్రతిసారీ ఇస్త్రీ, ఫోను, గడ్డం వచ్చి చేరాయి.

చివరగా ఒక జాగ్రత్త. మీ ఉత్తరంలో నిద్రలేమి గాని, వెళ్ళే చోటంటే భయం గాని ప్రధానంగా కనబడలేదు. అయితే చిన్నప్పటి నుంచి వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, ఎంత ముఖ్యమైన విషయమైనా మరిచిపోవడం కూడా ఉంటే, ఏడీహెచ్‌డీ అనే అవధాన లోపం ఉందేమో మానసిక వైద్యునితో పరీక్ష చేయించుకోవడం మంచిది. అది పిల్లలకే పరిమితం కాదు, పెద్దలలోనూ ఉంటుంది, చికిత్స ఉంది. వైద్యులు దానిని నిర్ధారించేటప్పుడు పన్నెండేళ్ళ వయసుకు ముందే లక్షణాలు కనిపించాయా అని అడుగుతారు కాబట్టి మీ అమ్మగారినో అక్కగారినో అడిగి తెలుసుకుని వెళ్ళండి. ఒక్క ఆలస్యమే ఉండి మిగతావి లేకపోతే దీనికి జబ్బు పేరు పెట్టుకోనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు (ఉప్పల్ నివాసి, ఏడు వారాల తరువాత)

అందరికీ నమస్కారం. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించండి. రెండు వారాలు రాసి, అయిదు వారాలు ఆచరించి చూశాకే రాయాలనుకున్నాను.

అధ్యాపకులవారు చెప్పినట్టు మొదట ఏమీ మార్చుకోకుండా రాశాను. నా మనసులో ఇంతకాలం ఉన్న లెక్క గంట: రైలు 50 నిమిషాలు, మిగతావన్నీ కలిపి 10. పుస్తకంలో తేలిన లెక్క వేరు. "బయలుదేరుతున్నాను" అని నోటితో అన్నాక గుమ్మం దాటడానికి 11 నిమిషాలు, ఇంటి నుంచి ఉప్పల్ స్టేషనుకు 9, బండి నిలపడానికి 3, మెట్లు, తనిఖీ కలిపి 5, రైలు కోసం నిరీక్షణ 4, ప్రయాణం 50, రాయదుర్గంలో దిగి ఆఫీసు భవనానికి నడక 12, లిఫ్టు దగ్గర 6. మొత్తం 100 నిమిషాలు. నేను కుర్చీలోంచి లేచేది ఎనిమిదీ ఇరవైకి, చేరేది పదింటికి. ఇన్నేళ్ళుగా నేను అదృష్టం బాగాలేక ఆలస్యమవుతున్నాననుకున్నాను గాని, ప్రతి రోజూ ఖచ్చితంగా నా లెక్క ప్రకారమే చేరుతున్నాను. ఆ పుట చూసినప్పుడు చాలాసేపు మాట రాలేదు. గుమ్మం దాటడానికి పట్టే ఆ 11 నిమిషాలు నాకు ఒక్క రోజు కూడా లెక్కలో కనిపించలేదు.

గార్డుగారి భాషలో నా సైన్ ఆన్ 7 గంటల 50 నిమిషాలు, అలవెన్సు కలుపుకుని 7 గంటల 40 నిమిషాలు. తాళాలు, పర్సు, హెల్మెట్టు, ఆఫీసు కార్డు రాత్రే గుమ్మం పక్క బల్ల మీద పెడుతున్నాను. కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే బూట్లు. గడిచిన అయిదు వారాలలో 24 పనిదినాలు వస్తే 18 రోజులు తొమ్మిదిన్నరకు ముందే హాజరు వేశాను. ఆలస్యమైన ఆరు రోజులలో నాలుగు సోమవారాలు. ఆదివారం రాత్రి బల్ల మీద ఏమీ సర్దుకోకుండా పడుకోవడమే దానికి కారణమని పుస్తకం చెబుతున్నది.

ఖమ్మం చెల్లెమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు మొదట కోపమే వచ్చింది. రెండు రోజుల తరువాత ఆ ఉత్తరాన్ని నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, ఇక నుంచి పాపకు జడ వేసే పని నన్ను తీసుకోమంది. ఏడింబావుకు పాప దువ్వెన పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంటుంది, కాబట్టి అప్పటికి నా స్నానం అయిపోయి ఉండాలి. నాలుగు అలారాలు చేయలేని పని ఆ దువ్వెన చేస్తున్నది. "దారిలో ఉన్నాను" అన్న మాట ఈ ఏడు వారాలలో రెండుసార్లు నోటి చివరి దాకా వచ్చింది. ఒకసారి ఆపుకోగలిగాను, ఇంకొకసారి అనేసి, వెంటనే మళ్ళీ ఫోను చేసి ఇంట్లోనే ఉన్నానని చెప్పాను.

అక్కకు కూడా ఫోను చేశాను. ఆ రోజు బావగారితో అబద్ధం చెప్పానని చెప్పి, గంప మాట ఎత్తి, క్షమించమని అడిగాను. తనకు ఏడుపు వచ్చింది. ముహూర్తానికి అరగంట ముందు వరకు గంప దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదట, తమ్ముడు వస్తాడు ఆగండి అంటూనే ఉందట. ఈ విషయం నాకు ఇప్పటిదాకా తెలియదు. వచ్చే నెల మేనకోడలి కొత్త ఇంటి గృహప్రవేశం కాకినాడలో, ముహూర్తం తెల్లవారుజామున 5 గంటల 8 నిమిషాలకు. పాలు పొంగించే వేళకు నేను ఉండాలని మేనకోడలే ఫోను చేసి అడిగింది. ముందురోజు మధ్యాహ్నానికే అక్కడికి చేరేలా టికెట్లు తీసుకున్నాను. ఆ రాత్రి బస లాడ్జిలో కాదు, వాళ్ళ ఇంట్లోనే.